మెక్కు అన్న మాటకి ఒక కార్డు

అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. నేనూ నీ కూతురూ ఇక్కడ ఒక పైకప్పు కింద, ఒకరికొకరు కనబడుతూ ఉన్నాం. నువ్వు అక్కడ కులాసాగా ఉన్నావని అనుకుంటున్నాను. 'మేమంతా క్షేమం' అని మొదట రాసి కొట్టేశాను. కొట్టివేత నీకు కనిపిస్తూనే ఉంటుంది, కంగారు పడకు. నీ పిడుగు లేచి తిరుగుతోంది, బడికి వెళ్తోంది. ఉత్తరం విప్పగానే చివరి పేజీ చూసే అలవాటు నీది. ఈసారికి మాత్రం నా మాట విని వరసగా చదువు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నువ్వు ఫోన్ చేసేది షిఫ్టు దిగాక, బస్సు కోసం నిలబడి. ఇక్కడ ఉన్నవి రెండే గదులు. ఒక గదిలో దగ్గితే రెండో గదిలోంచి మంచినీళ్ళు వస్తాయి. పైగా నీ గొంతు వింటే నేను మాట మార్చేస్తాను, నీకు తెలుసుగా. అందుకని ఆఫీసుకి ఒకపూట సెలవు పెట్టి, పిల్ల బడిలో ఉన్న వేళ చూసుకుని రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా పన్ను పీకేశారు. "ఇది ఎప్పుడో అయిపోవాల్సిన పని" అంది డాక్టరమ్మ. మా నిఘంటువు ఆఫీసులో 'మ' అక్షరం గురించి మా సంపాదకుడు పెద్దాయన రోజూ అనే మాట కూడా అదే కనుక నాకు కొత్తగా అనిపించలేదు. పిడుగు లెక్కల మార్కులు అడిగావు. అవి అడగకపోతేనే మన ముగ్గురికీ మర్యాద. స్నానాల గది కుళాయి బాగు చేయించాను, ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు, కానీ నీళ్ళూ రావడం లేదు. మళ్ళీ పిలవాలి.

ఇక ఫోటోలో పిల్ల ఎందుకంత చిక్కిపోయింది అన్నావు. పోయిన ఉత్తరంలో 'పొడుగు సాగుతోంది, ఈ వయసులో అంతే' అని రాశాను. అప్పటికి నేనూ అలాగే నమ్మాను, లేదా నమ్మితే పని తగ్గుతుందని నమ్మాను. అసలు జవాబు చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి. ఓపిక పట్టు.

మా నిఘంటువు ఆఫీసు నీకు తెలుసు. ఏడేళ్ళయింది నేను చేరి. చేరినప్పుడు 'త' దగ్గర ఉన్నాం, ఇప్పుడు 'మ' మధ్యలో ఉన్నాం. ఇంకా య ర ల వ శ ష స హ మిగిలే ఉన్నాయి, వాటిలో 'స' ఒక్కటే కొండంత. నేను తలెత్తేసరికి జుట్టు సగం నెరిసింది. పొద్దున్నే కుర్చీలో కూర్చునేటప్పుడే నడుము 'మళ్ళీనా' అంటుంది. ఒక్కో మాటకీ ఒక్కో కార్డు. పాత పుస్తకాల్లోంచి తీసిన వాక్యాలు ఎన్ని ఉన్నా, ప్రతి మాటకీ చెవులారా విన్న వాక్యం ఒకటైనా ఉండాలన్నది పెద్దాయన పెట్టిన పద్ధతి. కూర్చుని అల్లిన వాక్యమైతే ఆయన ఇట్టే పట్టేస్తాడు. "ఇది మనిషి నోట్లోంచి రాలేదమ్మా, నీ పెన్నులోంచి వచ్చింది" అని కొట్టేస్తాడు. కార్డు మీద నాలుగు గళ్ళు ఉంటాయి. ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఏ సందర్భంలో, ఏ భావంతో. నాలుగో గడి నింపడమే కష్టం. అనేవాళ్ళ మనసులో ఏముందో మొహమాటం లేకుండా రాయాలి. ఆ గడి బాగా నింపుతానని నాకు పేరు. ఏడేళ్ళలో నాకు దక్కిన పేరు అదొక్కటే.

మూడు నెలల కిందట నా బల్ల మీదికి తిండి మాటలు వచ్చాయి. తినడానికి మనకి ఎన్ని మాటలున్నాయో చూస్తే నవ్వొస్తుంది. దేవుడు ఆరగిస్తాడు. చుట్టం భోంచేస్తాడు. స్నేహితుడు లాగిస్తాడు. పనిమీద ఉన్నవాడు నాలుగు ముద్దలు నోట్లో వేసుకుంటాడు. చంటివాడు బువ్వ తింటాడు. ఒకడు ఆవురావురుమని తిన్నాడంటే మనకి వాడి ఆకలి కనిపిస్తుంది, ఇంకొంచెం వడ్డించాలనిపిస్తుంది. అదే మనిషి, అదే కంచం, అదే వేగం, 'మెక్కాడు' అన్నామనుకో, ఆకలి కాస్తా మాయమైపోతుంది. వాడి నోరొక్కటే మిగులుతుంది. పాత పుస్తకాల్లో ఈ మాటకి 'అధికముగా భక్షించు' అని అర్థం రాసి ఊరుకున్నారు. అధికం అన్నది ఎవరి లెక్కో రాయలేదు. రండి, మెక్కండి అని ఎవరూ ఎవరినీ పిలవరు. తన గురించి తాను అనుకుంటే హాస్యానికి అనుకోవాలి. సొంత పిల్లల్ని ముద్దుగా అనేవాళ్ళూ లేకపోలేదు, అది వేరు. మామూలుగా మాత్రం ఈ మాట వడ్డించే చేతి వైపు నుంచి వస్తుంది. ఇది నాది, నువ్వు తింటున్నావు అని దాని సారాంశం.

ఈ మాట గురించి నీకు నేను చెప్పక్కర్లేదు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళూ మనం పెద్దమ్మ ఇంట్లో ఉన్నాం. నీకు పదకొండు, నాకు ఆరు. పెద్దమ్మ చెడ్డది కాదని నువ్వు ఎప్పుడూ అంటావు, నేనూ ఒప్పుకుంటాను. నలుగురికి వండేది ఆరుగురికి సర్దేది, పొద్దుటి నుంచి కూర్చున్నది లేదు. ఒకరోజు నువ్వు బడి నుంచి వచ్చి, కంచం ముందేసుకుని, మూడో రొట్టె అందుకున్నావు. "మెక్కింది చాల్లే, మిగతావాళ్ళు తినొద్దూ?" అంది ఆవిడ. అరిచి కూడా అనలేదు, అటు తిరిగి గిన్నె తోముకుంటూ అంది. నువ్వు రొట్టె మళ్ళీ పళ్ళెంలో పెట్టేశావు. మర్నాటి నుంచి అక్కడ ఉన్నన్నాళ్ళూ నీకు ఆకలి లేదు. "ఆకలి లేదు పెద్దమ్మా" అనేదానివి, నీ దాంట్లోంచి సగం తుంచి నా కంచంలో వేసేదానివి. నేను తినేసేదాన్ని. ఆరేళ్ళదాన్ని, నాకేం తెలుసు అని నాకు నేను చెప్పుకుంటాను. నీకు నలభై ఏడు వచ్చాయి, ఫ్యాక్టరీలో అరవైమంది నీ మాట మీద గుడ్డ కత్తిరిస్తారు, ఇప్పటికీ నువ్వు అందరి తర్వాత, వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటావు. ఎందుకు కూర్చోవు అని బావ ఉన్నన్నాళ్ళూ అడిగేవాడు. ఆయనకి చెప్పలేదు నువ్వు. నేనూ చెప్పలేదు.

నువ్వు కొత్త ఫ్యాక్టరీ నిలబెట్టడానికి ఏడాదిన్నర వెళ్ళాలన్నప్పుడు, "నా దగ్గర వదిలెయ్, నాకూ తోడుంటుంది" అన్నది నేనే. అది మొహమాటానికి అన్న మాట కాదు. మొదటి ఆర్నెల్లూ మా ఇద్దరికీ ఎంత బాగా గడిచిందో నీకు తెలుసు. ఈత నేర్చుకుంటానంటే చేర్పించాను. ఈత నుంచి వచ్చాక దాని తిండి చూడాలి నువ్వు! తడి జుట్టుతోనే వంటింట్లోకి దూరి, నిలబడే నాలుగు గుడ్లు, ఆరు రొట్టెలు, పొద్దుటి కూర అడుగు దాకా ఊడ్చేసి, "పిన్నీ, ఇంకేముంది?" అనేది. దాన్ని చూస్తే నాకే ఆకలేసేది.

తర్వాత తగ్గింది. అలకలాగా కాదు, మర్యాదగా తగ్గింది. రెండు రొట్టెలు తిని "చాలు పిన్నీ" అనేది. పెట్టబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. డబ్బా మూత తీసే ముందు "ఇది తినొచ్చా?" అని అడిగేది. నేను అదేదో మంచి పద్ధతి అబ్బిందనుకున్నాను. అద్దం ముందు నిలబడే వయసు కదా, సన్నబడాలని ఉందేమో అని కూడా అనుకున్నాను. 'మ' నెలాఖరుకి పూర్తి చేయాలి, నాకు అంతకంటే ఆలోచించే ఓపిక లేకపోయింది.

పదిహేను రోజుల కిందట ఈత మాస్టారు ఆఫీసుకి ఫోన్ చేశాడు. "మీ అమ్మాయి నీళ్ళలోంచి బయటికొచ్చి కూలబడిపోయింది. భయపడకండి, స్పృహలోనే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట" అన్నాడు. ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. గట్టు మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది, పెదాలు తెల్లగా పాలిపోయి. నన్ను చూసి "సారీ పిన్నీ, నీ పని చెడిపోయింది" అంది.

డాక్టరు అన్నీ పరీక్ష చేసి జబ్బేమీ లేదన్నాడు. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది, పెరిగే పిల్లకి అది మంచిది కాదు, వెంటనే సరిగా తినాలి అన్నాడు. ఆ తర్వాత దాని వైపు తిరిగి, "ఇంట్లో తిండి సరిపోతోందా అమ్మా?" అని అడిగాడు. అది చాలా పద్ధతిగా జవాబు చెప్పింది. "సరిపోతుందండి. అది పిన్నిది కదా. పిన్ని పెట్టినంత తింటాను."

డాక్టరు నా వైపు చూసిన చూపు నేను చెప్పను.

బయటికొచ్చాక నడవలేనంది. ఆసుపత్రి గోడ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. పళ్ళరసం కొనిచ్చి పట్టుకోమన్నాను. "నాది, నీది ఏంటే? ఎవరు చెప్పారు నీకు అలాగని?" అన్నాను. స్ట్రా చివర కొరికింది. "కార్డు చూశాను పిన్నీ" అంది.

"ఏ కార్డు?"

"శనివారం మీ ఆఫీసులో కూర్చున్నా కదా, ఈతకి టైముందని. కార్డుల డబ్బాలో తిండి మాటలున్నాయని చదువుతున్నా, సరదాగా ఉన్నాయని. 'మె' దగ్గర నీ చేతిరాత ఉంది."

అక్కా, ఇప్పటిదాకా నేను తిరిగిన తోవంతా ఇక్కడికి రాకుండా ఉండటానికే. ఇక రాసేస్తాను.

ఆ కార్డు నాకు తెలియకుండా అది చదివింది. కానీ ఆ కార్డు మీది మాట అంతకుముందే దాని మొహం మీదే అన్నాను. ఒకరోజు సాయంత్రం పంటి నొప్పితో, పెద్దాయన చేత చీవాట్లు తిని, ఇంటికొచ్చాను. రెండు రోజులకి సరిపడా వండి పెట్టుకున్న కూర నేను తలుపు తీసి లోపలికి అడుగుపెట్టేసరికి గిన్నె అడుగుకి చేరింది. పిల్ల గిన్నెలోనే రొట్టె ముంచుకుని తింటోంది. మళ్ళీ కూరలు తరగాలి, మళ్ళీ పొయ్యి ముందు నిలబడాలి అన్న ఆలోచన ఒక్కటే వచ్చింది నాకు. "ఏంటే ఆ మెక్కడం? ఎవరైనా తరుముకొస్తున్నారా?" అన్నాను. అది నోటినిండా పెట్టుకుని నవ్వింది. నవ్వింది కదా అని నేను మర్చిపోయాను.

మర్చిపోయానన్నది కూడా నిజం కాదు. ఆఫీసులో 'మెక్కు'కి విన్న వాక్యం దొరకక నాలుగు రోజులుగా కార్డు ఖాళీగా ఉంది. మర్నాడు నా వాక్యమే చటుక్కున గుర్తొచ్చింది. ఎంత సంతోషపడ్డానో తెలుసా? చక్కటి వాక్యం, అచ్చంగా మనిషి నోట్లోంచి వచ్చినది. రాశాను. అన్నది: పిన్ని. అనిపించుకున్నది: అక్క కూతురు, పదమూడేళ్ళు. సందర్భం: పిల్ల గిన్నె ఖాళీ చేస్తుండగా. నాలుగో గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, పద్ధతి ప్రకారం ఉన్నదున్నట్టు రాశాను. 'చిరాకు. తనది కాని తిండి హద్దు లేకుండా తింటున్నదన్న నింద.' పెద్దాయన చూసి, "ఇదమ్మా కార్డంటే" అన్నాడు.

ఆ నాలుగో గడిని నీ కూతురు సిమెంటు బల్ల మీద కూర్చుని నాకు అప్పజెప్పింది. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. లెక్కల సూత్రం ఒక్కటీ గుర్తుండని పిల్ల.

నువ్వు ఇప్పుడు అడగబోయేది నాకు తెలుసు. అది నిజంగా నా మనసులో ఉందా అని. ఆ నిమిషానికి ఉంది అక్కా. పద్ధతి కోసం అలా రాశానని నీతో అబద్ధమాడలేను. నీ సగం రొట్టె తిని పెరిగినదాన్ని, నీ బిడ్డ నా గిన్నె ఖాళీ చేసిందని మనసులో లెక్క చూసుకున్నాను. పెద్దమ్మ అన్నది అలసటతోనే, నేను అన్నదీ అలసటతోనే. తేడా ఒక్కటే, నాకు ఆ మాట బరువు ఎంతో ముందే తెలుసు. అది ఎవరి మీద పడితే ఏమవుతుందో ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అక్కడే దాని కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయిపోయిందన్నాను. దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు, అదేమో "లే పిన్నీ, పర్లేదు పిన్నీ" అంటోంది. నువ్వు అనే 'పర్లేదు' ఉందే, అచ్చం అదే. ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

మర్నాడు పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఆ కార్డు తీసేస్తానన్నాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిజమైన కార్డు తీయకూడదమ్మా. అలా అయితే ఈ డబ్బాల్లో సగం ఖాళీ అవుతాయి" అన్నాడు. ఏడేళ్ళలో ఆయన మాట దాటలేదు. ఆయన అద్దాలు పెట్టుకునేలోపు డబ్బాలోంచి కార్డు తీసి సంచిలో వేసుకున్నాను. చూసి, తన ముందున్న కాగితాల్లోకి వంగాడు. 'మెక్కు'కి ఇప్పుడు విన్న వాక్యం లేదు. లేకపోతే లేకపోనీ. ఆ కార్డు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. నేను చించేస్తే నీ దగ్గర దాచినట్టవుతుంది. నా చేతిరాతలో నువ్వే చూడు, తర్వాత నీ ఇష్టం.

ఈ పదిహేను రోజుల్లో కిలో పెరిగింది. డాక్టరు చెప్పాడని మందు మింగినట్టు తింటోంది, ఆకలితో తినడం లేదు. ఎదురుగా నేనుంటే ముద్ద చిన్నదవుతుంది. అందుకని దాన్ని కూర్చోబెట్టి, నేను అవతలి గదిలో ఉంటున్నాను.

ఇక ఒక్కటి మిగిలింది. మీ అమ్మకి అంతా రాసేస్తానని నిన్న దానికి చెప్పాను. ఇన్నాళ్ళలో మొదటిసారి గట్టిగా ఏడ్చింది. "రాయకు పిన్నీ, ప్లీజ్. అమ్మకి తెలిస్తే వచ్చి తీసుకెళ్ళిపోతుంది" అంది. "తీసుకెళ్తే తీసుకెళ్తుంది, నీకు తిండైనా ఒంటబడుతుంది" అన్నాను. ఎక్కిళ్ళ మధ్య అది ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"తక్కువ తింటే నన్ను ఉంచుకుంటావనుకున్నా."

నా మీద కోపంతో మానేసిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను అక్కా. అది కడుపు మాడ్చుకున్నది నా దగ్గర ఉండటానికి. నీ దగ్గరికి రావడం ఇష్టం లేక కాదు, ఈ ఇల్లూ, ఆ ఈతా, నేనూ కావాలట. రాయొద్దని నా చెయ్యి పట్టుకుంది. అయినా రాశాను. నువ్వు వచ్చి తీసుకెళ్తానంటే అడ్డం చెప్పే మొహం నాకు లేదు. సంచీ నేనే సర్దిస్తాను. ఉంచుతానంటే, ఈసారి దాన్ని నా చేతుల్లో పెట్టి వెళ్ళానని అనుకోకు, నన్ను దాని చేతుల్లో పెట్టావనుకో. ఏది చేసినా నిర్ణయం ముందు దానికి చెప్పు, నాకు కాదు. నన్ను ఎన్ని మాటలన్నా పడతాను, దాన్ని మాత్రం ఎందుకు చిక్కావని అడగకు.

ఇట్లు,
నీ కంచంలో తిని పెరిగిన
చెల్లి